పురుగు పేరు ఆకును అడగాలె

పోయిన ఏడు వినాయక నిమజ్జనానికి ముందటి ఆదివారం, నేను ఊర్లనే ఉన్న. మా ఊరు నల్లగొండ నుంచి దేవరకొండ రోడ్డు పట్టి పోయి లోపలికి తిరిగితే వస్తది, చుట్టూ బత్తాయి తోటలే. పొద్దున ఏడున్నర అయితుండొచ్చు, అమ్మ కషాయంలకు తిప్పతీగ తెంపనీకి కంచె కాడికి పోయి ఆడి నుంచే కేకేసింది, "అరే ఇటు రారా, గిదేందో కండ్లేసుకొని నన్నే చూస్తుంది" అని.

పోయి చూస్తే నిజంగనే చూస్తుంది. వేలెడంత పొడుగు, ముదురు కాఫీ పొడి రంగు, మఖమల్ బట్ట లెక్క ఒళ్ళు, దాని మీద పసుపు చుక్కలు చల్లినట్టు. ఒక్కో పక్కకు రెండేసి గుండ్రటి కండ్లు, బయట పసుపు రింగు, లోపల నల్లటి గుడ్డు. తల కిందికి ముడుచుకొని వెనక భాగం పైకి లేపి కొమ్మకు అతుక్కొని ఉంది, ఏది తలనో ఏది తోకనో తెలుసుకోనీకే నాకు నిమిషం పట్టింది. చిన్నప్పటి సంది ఈ కంచె కాడనే పెరిగిన, ఇసొంటి పురుగును ఎన్నడూ చూడలే. లేకుంటే అది ఎప్పుడూ ఉన్నదే, నేనే చూడలేదేమో, అది వేరే సంగతి.

ఫోన్ తీసిన. అందరు చేసే తప్పే చేసిన, జూమ్ చేసి చేసి ఆ కండ్ల మీదనే పడ్డ. గాలికి తీగ ఊగుతుంది, నా చెయ్యి వణుకుతుంది, ఇరవై మూడు ఫోటోలు తీస్తే రెండు సక్కగ వచ్చినయి, ఆ రెండు గూడ ఎంత బాగున్నయంటే వాల్‌పేపర్ పెట్టుకోవచ్చు. వెనకాల అంతా మసక పచ్చ. దాన్ని ఇంకింత కత్తిరించి పురుగు తప్ప ఏమీ లేకుంట చేసి, మస్తు వచ్చిందని నాకు నేనే మురిసిన. ఇప్పుడు ఆ ఫోటో చూస్తే నవ్వొస్తది. ఊరు పేరు, తండ్రి పేరు లేకుంట పాస్‌పోర్ట్ ఫోటో ఒక్కటే ఇచ్చి ఈ పిలగాడు ఎవరి కొడుకో చెప్పుండ్రి అని అడిగినట్టు ఉంటది.

ఆ ఫోటోను ఒక యాప్‌ల పెడితే సెకన్ల జవాబు వచ్చింది, గన్నేరు మీద పెరిగే హాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్ల అని. ఇగ నాకు పెద్ద శాస్త్రవేత్తనైన ఫీలింగ్. చుట్టాల వాట్సప్ గ్రూపుల పెట్టిన. ఒక బాబాయ్ "ఇది ముట్టుకుంటే మనిషి పోతడంట జాగ్రత్త" అని పెట్టిండు, ఆ మధ్య పత్తి సీజన్‌ల తిరిగిన ఫార్వర్డ్ ఏదో మనసుల ఉన్నట్టుంది. మర్నాడు టౌన్‌ల పురుగుమందుల షాపుకు నాయన కోసం వేరే పని మీద పోయి, ఊకే చూపిద్దామని ఫోన్ చూపించిన. ఆయన స్క్రీన్ దిక్కు సగం చూసి "ఎన్ని ఎకరాలు?" అన్నడు. పురుగు ఏ పంట మీద ఉందో అడగలే. ఎకరాలు లేవన్నా, కంచె మీద ఒక్కటే ఉంది అంటే నా మొఖం దిక్కు అదోలా చూసి ఇంకో గిరాకీతో మాట్లాడుడు మొదలుపెట్టిండు.

ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన వ్యాపారం ఆయనది. కానీ బస్సుల వాపసు వస్తుంటే ఒకటి తట్టింది, యాప్ గూడ నన్ను ఏ చెట్టు అని అడగలే, బాబాయ్ అడగలే, షాపాయన అడగలే, అసలు నేను గూడ నన్ను అడుక్కోలే. అడిగి ఉంటే గన్నేరు పురుగు అన్న మాట అక్కడనే తేలిపోతుండె. ఎందుకంటే మా పురుగు కూసున్నది తిప్పతీగ మీద, గన్నేరు కాదు. గన్నేరు హాక్ మాత్ పిల్ల గన్నేరు తింటది, నందివర్ధనం తింటది, దాని కండ్లు తలకు దగ్గర పక్కకు ఒక్కటే, నీలం రంగులు, తోక మీద చిన్న కొమ్ము ఉంటది. మా దానికి కండ్లు రెండేసి, తలకు దూరంగ నడుము కాడికి జరిగి ఉన్నయి, కొమ్ము లేనే లేదు. యాప్ గుండ్రటి మచ్చను చూసింది, నేను యాప్‌ను చూసిన, ఇద్దరం పురుగును చూడలే.

అందుకే ఇదంత రాస్తున్న. పురుగు ఫోటో అంటే పురుగు ఫోటో కాదు, అది తినే ఆకు ఫోటో. పురుగు దాంట్ల ఉంటే మంచిదే. కొంచెం ఎక్కువ చేసి చెప్తున్న అనిపిస్తదేమో గానీ ఏడాది సంది దీంతోనే పడి ఉన్న కాబట్టి వెనక్కి తీసుకోను.

లెక్క చూడుండ్రి. మన దేశంల సీతాకోకచిలుకలు 1,300 పైచిలుకు రకాలు, రాత్రి తిరిగే రెక్కల పురుగులు 10,000 దాటి ఉన్నయి. ప్రతిదానికి పిల్ల దశ ఉంటది, ఆ పిల్ల మామూలుగ ఐదు సార్లు పెరిగి నాలుగు సార్లు తోలు విడుస్తది, చాలా వాటిల్ల తోలు విడిచినప్పుడల్ల వేషం మారుతది. మనుషులు ఫోటోలు తీసేది ఎక్కువ రెక్కలు వచ్చినంక, అందంగ ఉంటది కాబట్టి. ఇగ వేలెడంత గొంగడి పురుగు ఫోటో ఒక్కటి పట్టుకొని ఇన్ని వేలల్ల ఏదో చెప్పమంటే యాప్ అయినా మనిషి అయినా గుడ్డెద్దు చేన్ల పడ్డట్టే. అదే తిప్పతీగ మీద దొరికింది అంటే వేల లెక్క ఒక్కసారి చేతి వేళ్ళ లెక్కకు దిగుతది. ఎందుకంటే చాలా పురుగులు ఏది పడితే అది తినవు. మొక్క తన పాలల్ల, పసరుల విషం పెట్టుకుంటది, ఆ విషాన్ని అరిగించుకునుడు నేర్చిన పురుగు ఆ మొక్కను, దాని చుట్టాలను పట్టుకొనే బతుకుతది. జిల్లేడు మీద నలుపు తెలుపు పసుపు పట్టీల పురుగు, ముందట నడుమ వెనక నల్లటి మీసాల జతలు కనవడితే అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల అని కండ్లు మూసుకొని చెప్పొచ్చు, జిల్లేడు పాల విషం ఒంట్ల దాచుకొని పిట్టలను దగ్గరికి రానియ్యదు. తంగేడు మీద సన్నటి ఆకుపచ్చ పురుగు ఉంటే పెద్దయినంక తెల్లగనో లేత పసుపుగనో ఎగిరే ఎమిగ్రెంట్ సీతాకోకచిలుక అయ్యుంటదని అనుకోవచ్చు. బతుకమ్మకు తంగేడు తెంపేటప్పుడు సంచిల పడి ఇంటి దాంక వస్తయి అవి, మా చెల్లె ప్రతి ఏడు కీసుమంటది.

తిప్పతీగకు చుట్టం ఎవరో తెలుసా, దూసరి తీగ. నాకు ఇది తెలిసినప్పుడు భలే సంబురమైంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులల్ల దూసరి ఆకు నలిపి నీళ్ళల్ల పసరు పిండి, ముంతల పోసి పక్కకు పెడితే కొంచెం సేపటికి ఆకుపచ్చ గడ్డ లెక్క పేరుకుంటుండె, దాన్ని ముక్కలు కోసి దుకాణం ఆట ఆడుకుంటుంటిమి. ఆ రెండు తీగలు ఒక్క కుటుంబం. ఆ కుటుంబాన్నే నమ్ముకొని బతికే పురుగు జాతి ఒకటి ఉందని, దాని ఒంటి మీద కండ్ల మచ్చలు ఉంటయని వెతికితే దొరికింది. పేరు యూడోసిమా. యాప్ ఇరవై మూడు ఫోటోలల్ల చెప్పలేనిది, అమ్మ కషాయంల వేసే ఆకు చెప్పింది.

మన పేర్ల గురించి గూడ ఒక మాట. పట్నంల ఎవరన్నా తెలుగుల పురుగులకు పేర్లు లేవు అంటే నాకు మండుతది. గొంగడి పురుగు అన్న పేరే చూడుండ్రి, పాలమూరు దిక్కు కురుమలు నల్లగొర్రె ఉన్నితోని నేసే గొంగడి కప్పుకున్నట్టు ఉంటదని. ఇంకోటి బొంత పురుగు, బొంత అంటే అందరికి ఎర్కనే. ఆముదంల వచ్చేదాన్ని దాసరి పురుగు అంటరు, నడుము వంచి లేపి వంచి లేపి నడుస్తది కాబట్టి దండాలు పెట్టుకుంట పోయే దాసరి లెక్క అని మా నాయనమ్మ చెప్తుండె. ఆ నడక గురించి పుస్తకాలల్ల రాసేది గూడ అదే, కడుపు కింద ముందటి కాళ్ళ జత చిన్నగ అయిపోయి ఉంటది కాబట్టి నడుము ఎత్తి అడుగేస్తది అని. నాయనమ్మ కాళ్ళు లెక్కపెట్టలే గానీ నడక చూసింది. మా తిప్పతీగ పురుగు గూడ అట్లనే నడుము లేపి నడిచింది, అది వీడియో తీసినంకనే నాకు కనవడ్డది, ఫోటోల ఏం తెల్వదు. అందుకే ఇప్పుడు ఏ పురుగు దొరికినా పది సెకన్లు నడక వీడియో తీస్తున్న.

అయితే మన పేర్లకు ఒక చిక్కుంది, మనకు పంట మీద పడ్డదానికే పేరు పెట్టే అలవాటు. కంచె మీద ఉన్నదానికి పేరు లేదు. ఉన్నా ఒకటే పేరు, పురుగు. పంట మీద గూడ ఒక్కోసారి ఒక పేరు కింద పది తోసేస్తం. 2018ల కర్ణాటకల శివమొగ్గ దిక్కు మొక్కజొన్నల కత్తెర పురుగు మొదట కనవడ్డది, అదే ఏడు తెలంగాణకు గూడ వచ్చింది. మా దిక్కు మొదట్ల ఏమన్నరు, లద్దె పురుగే గదా అన్నరు. కాదు. దాని మొఖం మీద తలకిందులైన వై అక్షరం ఉంటది, తోక దగ్గర నాలుగు నల్ల చుక్కలు చదరంగ ఉంటయి. ఇది తెలిస్తే ఫోన్ పట్టుకున్న పదో తరగతి పిలగాడు గూడ గుర్తుపడతడు, కాకపోతే ఫోటో మొఖం మీద, తోక మీద తియ్యాలె. మనం పై నుంచి వీపు తీసి పంపుతం.

ఆకు మాట ప్రతిసారి పనిచెయ్యదు, అది గూడ ఒప్పుకోవాలె. పొగాకు లద్దె పురుగు వందకు పైగ మొక్కలు తింటది, దానికి ఆకు చూపించి పేరు అడిగితే ఏ ఆకైనా అవునంటది. ఇంకోటి, గూడు కట్టుకునే ముందు పురుగు తిండి మానేసి గోడల మీద, గేటు మీద, చెప్పుల మీద తిరుగుతది, అప్పుడు అది ఏ ఆకు మీద కూసున్నా ఆ ఆకు దానిది కాదు. అందుకే కూసున్నదా తింటున్నదా అన్నది చూడాలె. కొరికిన అంచు ఉండాలె, కింద రెట్ట ఉండాలె. పురుగు రెట్ట ఫోటో తీసేవాన్ని చూసి ఊర్ల నవ్వుతరు, నవ్వనీయుండ్రి.

నిమ్మ సీతాకోకచిలుక సంగతైతే ఇంకా మజా. మా బత్తాయి నారు మీద, ఇంటి ముందటి కరివేపాకు మీద ఏటా వస్తది. పుట్టినప్పుడు నల్లగ తెల్లగ తడి తడిగ అచ్చం పిట్ట రెట్ట లెక్క ఉంటది, ఆకు నడుమ కూసుంటే ఎవరు ముట్టరు. పెద్దగయినంక ఒక్క తోలు విడిచి నిగనిగ ఆకుపచ్చగ అయిపోతది. మా నాయన చానా ఏండ్లు ఇవి రెండు వేరు వేరు పురుగులు అనుకున్నడు, చిన్నది చెడ్డది కాదని వదిలేసి పచ్చదాన్ని ఏరి పారేస్తుండె. వేలితోని జర ఒత్తితే తల వెనకాల నుంచి నారింజ రంగు రెండు కొమ్ముల నాలుక లాంటిది బయటికి తీస్తది, కుళ్ళిన నిమ్మకాయ వాసన. పిల్లలకు ఇది చూపిస్తే ఫోన్ పక్కకు పడేస్తరు. ఆ కొమ్ములు ఎర్రగ ఉంటే మాత్రం అది నిమ్మది కాదు, దాని చుట్టం కామన్ మోర్మన్ అయ్యుంటది, అది గూడ కరివేపాకు మీదనే పెరుగుతది. చూసిండ్రా, ఆకు ఒక్కటే, పురుగులు రెండు. ఆకు సగం చెప్తది, మిగిలిన సగం కోసం పురుగును విసిగించాలె.

విసిగించుడు అన్న గానీ వెంట్రుకలది, ముళ్ళది అయితే చెయ్యి పెట్టకుండ్రి. ఆముదం ఆకుల కింద, మామిడి మీద ఒకటి ఉంటది, లేత ఆకుపచ్చ, వీపు మీద నీలం గీత, ఒళ్ళంత ముళ్ళ కుచ్చులు, ఆట బొమ్మ లెక్క ఉంటది. స్లగ్ క్యాటర్‌పిల్లర్ అంటరు. ముట్టుకుంటే ముళ్ళు తోలుల గుచ్చుకొని నిప్పు అంటుకున్నట్టు మండుతది. నాకు ఒకసారి మోచేతికి తగిలింది, మా మామ సెల్లోటేప్ అంటించి పీకిండు, ముళ్ళు దాంతోపాటు వచ్చినయి, తర్వాత సబ్బుతోని కడిగి, మిగిలిన సాయంత్రమంత మూలుగుకుంట కూసున్న. సావలే. వాట్సప్ బాబాయ్ కోసం చెప్తున్న.

కెమెరా గురించి అడుగుతరు గాబట్టి చెప్పేస్త. నా దగ్గర పెద్ద కెమెరా లేదు. ఫోన్లకు మ్యాక్రో అని ఒక చిన్న లెన్స్ ఇస్తరు, చానా ఫోన్లల్ల అది దండుగ, దానికన్నా మెయిన్ కెమెరాతోని జానెడు దూరం నుంచి తీసి తర్వాత కత్తిరిస్తే సాఫ్ వస్తది. మూడు వందలు పెట్టి క్లిప్ లెన్స్ కొన్న, అది తల ఫోటోలకు పనికొస్తది. మా నల్లగొండ ఎండల పది దాటితే ఏ ఫోటో రాదు, పురుగు తెల్లగ మెరిసి ఆకు నల్లగ అయిపోతది, అప్పుడు గొడుగు పట్టమని పక్కన ఎవర్నన్న నిలబెట్టాలె. గాలికి తీగ ఊగితే బట్టల క్లిప్పుతోని ఒక కట్టెకు పట్టి ఉంచుత. కొలత తెలవనీకి పక్కన అగ్గిపుల్ల పెడత. మొదటి ఫోటో మాత్రం ఇప్పుడు రెండు అడుగులు వెనక్కి జరిగి తీస్తున్న, మొత్తం మొక్క పడాలె, పువ్వో కాయో ఉంటే అది పడాలె, పురుగు అందుల చుక్కంత ఉన్నా సరే. ఎవరికన్నా పంపితే మొదలు ఈ ఫోటోనే పంపుత. లైకులు రావు. జవాబు వస్తది.

ఇదేదో నేను కనిపెట్టిన తెలివి అనుకోకుండ్రి. జర్మనీల 1647ల పుట్టిన మరియా సిబిల్లా మెరియన్ అనే ఆమె చిన్నప్పటి సంది గొంగడి పురుగులు పెంచుకుంట బొమ్మలు వేసింది. అప్పట్ల చానా మంది పురుగులు బురదలకెళ్ళి, కుళ్ళులకెళ్ళి వాటంతట అవే పుడతయి అనుకునేటోళ్ళు. ఆమె 1699ల బిడ్డను వెంటబెట్టుకొని ఓడెక్కి దక్షిణ అమెరికల సూరినామ్ దాంక పోయింది. ఆమె బొమ్మలల్ల గొప్పతనం ఏందంటే పురుగు, గూడు, రెక్కల పురుగు, అది తినే మొక్క అన్నీ ఒక్కటే కాగితం మీద ఉంటయి. ఫోన్ లేని రోజులల్ల ఆమెకు ఆకు ముఖ్యం అని తెలిసింది, చేతుల యాభై మెగాపిక్సెల్ పట్టుకొని నాకు తెల్వలే.

సరే, యూడోసిమా కాడికి వద్దాం. జాతి తెలిసింది, అందుల ఏది అన్నది తేలలే. మన దిక్కు రెండు ఎక్కువ, పిల్లలప్పుడు రెండింటిని పక్కపక్కన పెట్టినా నా అసొంటోనికి తేడా తెల్వదు, రంగు గూడ ఒక్కటే ఉండదు, ఆకుపచ్చ నుంచి నలుపు దాంక ఏదైనా ఉండొచ్చు. ఇగ మిగిలింది ఒక్కటే తొవ్వ, పెంచుడు. పచ్చడి డబ్బా ఖాళీది తీసుకొని మూతి మీద పాత చున్నీ ముక్క కట్టి, దాన్ని నల్లగొండల నా రూముకు తెచ్చిన. తిప్పతీగ ఆకు ఒక కట్ట తడి పేపర్ల చుట్టి ఫ్రిజ్‌ల పెట్టిన, రోజూ రెట్ట దులిపి కొత్త ఆకు వేసిన. రాత్రి లైట్ ఆపేస్తే కరకర తినే చప్పుడు వినవడేది, నా రూంమేట్ దానికి భయపడి హాల్ల పండుకున్నడు. ఐదో రోజు రెండు ఆకులు దగ్గరికి లాగి దారంతోని కుట్టుకొని లోపల కూసుంది. ఇగ పన్నెండు రోజులు ఏం లేదు. ఎంగిలిపూల బతుకమ్మకు ఊరికి పోతూ డబ్బాను బ్యాగుల పెట్టుకొని బస్సెక్కిన.

ఆ రాత్రే బయటికి వచ్చింది. వాకిట్ల ఆడోళ్ళు ఇంకా ఆడుతున్నరు, ఇంట్ల అంతా గునుగు, తంగేడు రేకులే. డబ్బాల చూస్తే ఎండుటాకు ఒకటి ఉంది. నిజంగనే ఎండుటాకే, గీతలతోని, ఈనెతోని, నా పురుగు సచ్చిందనుకున్న. మూత మీది బట్ట కదిలిస్తే ఆకు రెక్కలు కొంచెం జరిపింది, కింద నుంచి నారింజ రంగు భగ్గుమన్నది, దాని నడుమ నల్లటి గుండ్రటి బొట్టు. ఆ బొట్టే తేల్చేది. బొట్టు గుండ్రంగ ఉంటే యూడోసిమా మాటర్నా, వంకర తిరిగి కొడవలి లెక్క ఉంటే యూడోసిమా ఫలోనియా. నాది మాటర్నా. లాటిన్‌ల ఆ మాటకు అర్థం తల్లికి సంబంధించినది అని. రెక్కల పురుగును మన రైతులు ఏమంటరు, తల్లి పురుగు అంటరు. ఇద్దరి నడుమ ఏ సంబంధం లేదు, ఊకే కలిసింది, కానీ ఆ రాత్రి నాకు ఎంత నచ్చిందంటే నాయనను నిద్ర లేపిన.

నాయన లేచి కండ్లద్దాలు పెట్టుకొని డబ్బా దీపం కాడికి పట్టుకొని చూసిండు. మస్తు సేపు చూసిండు. "ఇది మన కాయ తాగేది గదరా" అన్నడు.

ఇగ అక్కడ నా సంబురం కొంచెం దిగింది. బత్తాయి రైతుకు ఆగస్టు నుంచి అక్టోబర్ దాంక రసం పీల్చే రెక్కల పురుగు అంటే తెల్వనోడు లేడు. సీతాకోకచిలుకల నాలుక మెత్తగ ఉంటది, దీనిది గట్టిగ, కొనకు రంపం పళ్ళ లెక్క ఉంటది, చీకటి పడ్డంక వచ్చి పక్వానికి వచ్చిన కాయ తోలును పొడిచి రసం తాగుతది. పొద్దున చూస్తే గుండుసూది బెజ్జమంత రంధ్రం ఒక్కటే, ఒత్తితే రసం కారుతది. రెండు మూడు రోజులల్ల దాని చుట్టూ కుళ్ళి కాయ రాలిపోతది. నాయన దాన్ని ముప్పై ఏండ్ల సంది రాత్రి పూట టార్చ్ లైట్ల చూస్తుండు, తోటల లైటు తిప్పితే దాని కండ్లు నిప్పు కణికల లెక్క మెరుస్తయి, పొగ పెడతరు, రాలిన కాయలు ఏరి పాతిపెడతరు. ఆ పురుగు ఎక్కడి నుంచి వస్తదని అడిగితే ఇన్నేండ్లు ఆయన జవాబు ఒక్కటే, గుట్టల నుంచి వస్తది. బత్తాయి ఆకుల మీద దాని పిల్ల ఎప్పుడూ కనవడలే, ఎట్ల కనవడుతది, పిల్లకు బత్తాయి ఆకు పనికిరాదు, దానికి తిప్పతీగ కావాలె, దూసరి తీగ కావాలె. తల్లి ఒక తోటల తాగుతది, పిల్ల ఇంకో కంచె మీద తింటది. నాయనకు తల్లి తెలుసు, నాకు పిల్ల దొరికింది, రెండు కలవనీకి పచ్చడి డబ్బా కావాల్సి వచ్చింది.

ఆ తిప్పతీగ మా కంచెకు ఎక్కడిది అంటే 2020ల అమ్మ పెట్టింది. కరోనా అప్పుడు ఊరంత తిప్పతీగ కషాయమే గదా, ఎవరింట్ల చూసినా డబ్బాలల్ల, కంచెల మీద, వేపచెట్టు ఎక్కించి. తోట చుట్టుపక్కల తిప్పతీగ, దూసరి తీగ తీసెయ్యమని తోటల అధికారులు చెప్పే సలహాల ఎప్పటి సందో ఉంది, కానీ ఆ కాగితం మీద పురుగు పిల్ల బొమ్మ, తీగ బొమ్మ, కాయకు పడ్డ రంధ్రం మూడూ ఒక్క దగ్గర ఉన్నది నేనైతే చూడలే. ఉంటే అమ్మ ఆ కంచె కాడ పెడుతుండెనా.

నా దోస్తు ఒకడు ఇదంత విని అన్నడు, మరి ఆఖరికి షాపాయన అన్నదే నిజమైంది గదా, చంపేదే అయితే పేరు ఏదైతే ఏంది అని. వాని మాట ఆలోచించాల్సిందే, తీసిపారెయ్యలేను. కానీ పేరు తెలిస్తే ప్రతిసారి డబ్బా మందే రాదు. మా మామది కల్వకుర్తి దిక్కు ఆముదం చేను. ఒక ఏడు దాసరి పురుగు బాగ పడ్డది, మందు కొడదామని పంపు తీసిండు. నేను ఫోటోల పిచ్చితోని ముందే పోయి తీస్తే, కొన్ని పురుగుల వెనక కడుపు కింద గింజంత గూడు ఒకటి అంటుకొని ఉంది, ఆ పురుగులు కదులుతలేవు, తింటలేవు. అది స్నెల్లీనియస్ అనే చిన్న కందిరీగ జాతి పని, పురుగు లోపల గుడ్డు పెడతది, దాని పిల్ల లోపల తిని బయటికొచ్చి అక్కడనే గూడు కట్టుకుంటది. అవి ఎక్కువ కనవడితే మందు కొట్టొద్దని ఆముదం శాస్త్రవేత్తలే చెప్తరు, కొడితే దాసరి కన్నా ముందు కందిరీగ చస్తది. మామ పంపు లోపల పెట్టలే, వారం ఆగుదాం అన్నడు, ఆగినంక ఆ ఏడు మందు కొట్టలే. అక్కడ వీపు మీది నుంచి తీసిన అందమైన ఫోటో ఒక్కటే ఉంటే ఆ గూడు కనవడుతుండెనా, కింది నుంచి, మట్టిల మోకాళ్ళ మీద కూసొని తీస్తే కనవడ్డది.

తిప్పతీగ పురుగుకు గూడ అంతే, మందు ఎక్కడ కొడతవు, రెక్కల పురుగు పగలు తోటల ఉండదు, పిల్ల తోటలనే ఉండదు. చెయ్యాల్సింది కొడవలి పని, లేకుంటే కాయకు సంచి కట్టే పని.

డబ్బాల ఉన్న మాటర్నాను ఏం చేసినవు అని అడుగుతరు. చెప్పను. నాయనకు ఒక జవాబు చెప్పిన, చెల్లెకు ఇంకో జవాబు చెప్పిన.

కంచె సంగతి మాత్రం ఇంకా తెగలే. దసరా అయిపోంగనే తీగ మొత్తం కోసి తగలబెడత అని నాయన, కోస్తే నీ మోకాళ్ళ నొప్పులకు కషాయం ఎవరు కాస్తరో చూస్త అని అమ్మ. పైగ మా ఒక్క కంచె పీకితే ఏమైతది, కాలువ గట్టు పొడుగున వేపచెట్లకు ఎక్కిన తిప్పతీగ ఉంది, గుట్ట మీద దూసరి ఉంది అని అమ్మ వాదన, అది గూడ తప్పు కాదు. ఇప్పటికి ఒక ఒప్పందం కుదిరింది, వారానికి ఒకసారి నేను వచ్చి ఆకు ఆకు తిరగేసి చూడాలె, దొరికిన పురుగులు ఏరాలె. పోయిన ఆదివారం పదకొండు దొరికినయి, ఒకటి ఆకుపచ్చగ ఉంది, కండ్ల రింగు తెల్లగ ఉంది, అసొంటిది ఇంతకుముందు చూడలే. పది నాయన బకెట్ల వేసిన. పచ్చడి డబ్బా ఇంకా నా బ్యాగులనే ఉంది.